మైకు దిగని సాయం

జూన్ 2, సోమవారం. ఉదయం

ఇవాళ్టి నుంచి రోజుకొకరు! ముక్కూ మొహం తెలియని మనిషికి, కష్టంలో ఉన్న మనిషికి, రోజుకొక్కరికైనా సాయం చేసి తీరతాను. నిన్న అత్తయ్య బజార్లో కళ్లు తిరిగి కూలబడితే జనం పక్కనుంచి తప్పుకుని పోయారట. విని ఊరినంతా ఉతికి ఆరేశాను. అలాంటివాళ్లలో నేనొకదాన్ని కాకూడదు.

అయినా ఈ పనికి నాకంటే తగినవాళ్లెవరు? బస్‌స్టేషన్‌లో అనౌన్సర్‌ని. రోజూ వేలమంది నా మాట విని కదులుతారు.

"ముందు నా మోకాళ్లకి మందు రాసి వెళ్లు, పుణ్యముంటుంది," అన్నారు అత్తయ్య. ఆవిడ లెక్కలోకి రారు. ఆవిడ ముక్కూ మొహం నాకు బాగా తెలుసు.

సాయంత్రం

బోణీ అయింది! డ్యూటీ దిగి వస్తుంటే ఒకావిడ పెద్ద పెట్టెతో బస్సు తలుపు దగ్గర తంటాలు పడుతోంది. పరుగెత్తుకెళ్లి, పెట్టె లాక్కుని లోపలికి ఎక్కించేశాను. ఆవిడ అప్పుడే ఆ బస్సు దిగిందట. బస్సు కదిలిపోయింది! ఇద్దరం వెంటపడి, కేకలు పెట్టి, గేటు దగ్గర ఆపించాం. పెట్టె దక్కింది. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. ఫలం ఆశించకూడదు.

జూన్ 3

ఒకాయన పెన్ను అడిగాడు. ఇచ్చాను. అదీ సాయమే! పెన్ను తిరిగి రాలేదు కాబట్టి ఒకటిన్నర సాయం అనుకోవచ్చు.

జూన్ 5, గురువారం

నిన్న ఎవరూ దొరకలేదు. సరే, వెతకలేదు.

ఇవాళ స్తంభం పక్కన ఒకమ్మాయి ఏడుస్తూ కనిపించింది. పలకరిస్తే "మీకెందుకండీ" అంటుందేమో. మొహం ఎక్కడ పెట్టుకోను? పోనీ పలకరించకపోతే? ఇలా నేను తర్జనభర్జన పడుతుండగానే ఆ పిల్ల కళ్లు తుడుచుకుని బస్సెక్కి వెళ్లిపోయింది. సమస్య తీరింది. నాది.

జూన్ 7, శనివారం

బెంచీ మీద ఒకాయన అడ్డదిడ్డంగా పడి ఉన్నాడు. సెక్యూరిటీ బాబాయిని అడిగాను.

"తాగుంటాడులేమ్మా," అన్నాడు.

తాగాడని అనలేదు, తాగుంటాడని అన్నాడు. అయినా హాయిగా నమ్మేశాను.

కొత్త సవరణ: శని, ఆదివారాలు సాయానికి సెలవు.

జూన్ 10, మంగళవారం. ఉదయం

నా అద్దాల గది మేడ మీద. నాలుగో ప్లాట్‌ఫారం బాగా కనిపిస్తుంది. అక్కడ ఆకుపచ్చ శాలువా కప్పుకున్న పెద్దావిడ వచ్చేపోయేవాళ్లను ఏదో అడుగుతోంది. వాళ్లు పూర్తిగా వినకుండానే తల అడ్డంగా ఊపి పోతున్నారు. పాపం, దారి తప్పినట్టుంది.

ఇంకాసేపటికి

ఇంకా అక్కడే ఉంది! అంతమందిలో ఎవరో ఒకరు చూసుకోరా? నేను ఆయాసపడుతూ మెట్లన్నీ దిగేలోపు ఎవరో వచ్చేస్తారు. అప్పుడు వెర్రిదాన్నయ్యేది నేనే.

మధ్యాహ్నం

బ్రహ్మాండమైన ఆలోచన! చేతిలో మైకు పెట్టుకుని ఇంత మథనపడటమేమిటి?

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నాలుగో ప్లాట్‌ఫారం మీద ఆకుపచ్చ శాలువాలో ఉన్న పెద్దావిడకు సాయం అవసరం. దయచేసి ఎవరైనా స్పందించగలరు."

రెండుసార్లు చెప్పాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

తలలన్నీ లేచాయి. అందరూ ఆవిడను చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ "ఎవరైనా" ఎవరా అని వెతుకుతున్నారు. పైనుంచి నేనూ వెతికాను. ఆవిడ శాలువా మొహం మీదికి లాక్కుని, కుంటుకుంటూ గేటు దాటి వెళ్లిపోయింది.

సాయంత్రం

అత్తయ్యకు చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"అంతా బాగానే ఉంది. మరి నువ్వు దిగలేదేం?"

"వెంటనే ఇంకో బస్సు అనౌన్స్ చేయాలి కదత్తయ్యా!"

అబద్ధం. ఆ బస్సు అప్పటికే లేటు. నాకు భయమేసింది, అంతే. దిగితే ఆవిడ నా చేయి పట్టుకుంటుంది. పట్టుకున్నాక ఎక్కడిదాకా వెళ్లాల్సి వస్తుందో తెలియదు.

ఇక సాయం లేదు, గీయం లేదు. నాకు చేతకాదు.

జూన్ 11

ఆవిడ మళ్లీ వచ్చింది! అదే శాలువా! మైకు కట్టేసి మెట్లు దిగాను.

"పెద్దమ్మా, దారి తప్పారా?"

"నేనెందుకు తప్పుతానే? ఉండుండు, ఈ గొంతు... నిన్న నన్ను నలుగురిలో నిలబెట్టిన పిల్లవి నువ్వేనా?"

"మీకు సాయం కావాలేమోనని..."

"నాక్కావలసింది పిన్నీసు! చెప్పు తెగింది, ఒక్క పిన్నీసుంటే ఇవ్వమని అడిగాను. నువ్వు మైకులో అరిచేసరికి అడుక్కునేదాన్ని చూసినట్టు చూశారంతా. సిగ్గేసి ఇంటికి పోయాను. ఆస్పత్రిలో మా చెల్లికి నిన్న ఆపరేషను. లోపలికి తీసుకెళ్లేలోపు వస్తానని మాటిచ్చాను. పిచ్చిది, గుమ్మం వైపే చూస్తూ వెళ్లిందట."

"ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాను.

"బానే ఉంది. నాతో మాట్లాడనని అలిగి కూర్చుంది."

నా తాళాల గుత్తికి ఎప్పుడూ బోలెడు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తీసి ఇచ్చాను. పెద్దమ్మ కాళ్లు ముందుకు చాపి చూపించింది. కొత్త చెప్పులు. అయినా పిన్నీసు తీసుకుని శాలువాకు గుచ్చుకుంది. నా మొహం చూసి జాలేసినట్టుంది.

నిన్నే దిగి, ఏం కావాలండీ అని అడిగితే సరిపోయేది. రాస్తుంటేనే తల కొట్టేసినట్టుంది.

జూన్ 12. ఉదయం

ఇవాళ్టి నుంచి రోజుకొకరు!

"మొన్నా ఇదే అన్నావు," అన్నారు అత్తయ్య.

"ఇవాళ్టి నుంచి మళ్లీ!"

డ్యూటీలో

రెండో ప్లాట్‌ఫారం మీద ఒకాయన చంటిపిల్లను భుజానేసుకుని దిక్కులు చూస్తున్నాడు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడేమో. భార్య టిక్కెట్టుకు వెళ్లిందేమో. ఊరికే నిలబడ్డాడేమో. అడిగితే కసురుకుంటాడేమో.

కసురుకోనీ. దిగుతున్నాను.