గడపకు కొట్టిన రూపాయి

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో వెండి సామాన్లు, పాత నాణేల వ్యాపారం చేస్తున్న తటవర్తి గున్నేశ్వరరావు అనే నేను, వయసు డెబ్బై మూడేళ్ళు, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నిన్న పరీక్ష చేసిన డాక్టరు గారు తలలో ఏ లోపమూ లేదని కాగితం ఇచ్చారు. లోపం నా కంట్లో ఉంది. శుక్లాల సంగతి కాదు. శుక్లాలు రాకముందు, ముప్పై నాలుగో ఏట, నాకు పట్టిన పొగరు సంగతి చెబుతున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు.

1. ఆర్యాపురంలోని నా డాబా ఇల్లు, బ్యాంకులో నా డిపాజిట్లు నా తదనంతరం నా ఏకైక కుమార్తె సాయిప్రసన్నకు సర్వహక్కులతో చెందాలి. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. పోట్లాట వస్తుందని తెలిసే అప్పగిస్తున్నాను. అమ్మా, నీకు మీ అమ్మ నోరు వచ్చింది. దాన్ని ఇప్పుడు వాడు.

2. నా భూతద్దం, చిన్న ఇత్తడి త్రాసు కూడా సాయిప్రసన్నకే. ఎనిమిదేళ్ళప్పుడు ఆ త్రాసులో చింతగింజలు తూస్తూ కూర్చునేది. నేను కసిరి లేపేవాణ్ణి. ఇక అందులో ఏం తూచుకున్నా ఫరవాలేదు తల్లీ.

3. నేను పోగుచేసిన రెండు వందల పన్నెండు నకిలీ నాణేల పెట్టె నా తమ్ముడి కొడుకు భానుతేజకు చెందాలి. పోత పోసినవి, పూత పూసినవి, తేదీ మార్చినవి, ఏది ఎందుకు నకిలీయో ప్రతిదానికీ చీటీ రాసి పెట్టాను. నిడదవోలు నుంచో జంగారెడ్డిగూడెం నుంచో ఎవరో అమాయకుడు యూట్యూబు చూసి ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటు పట్టుకొస్తే, లక్షలొస్తాయని ఆశపెట్టి ఫీజు గుంజే ముందు ఆ చీటీలు ఒక్కసారి చదవమని నా మనవి. వాడు చదవడని నాకు తెలుసు.

4. నా తమ్ముడు మురళీకృష్ణకు, కొట్టులో గల్లాపెట్టె కింద ఉన్న సుత్తి ఇస్తున్నాను. ఎందుకో వాడికి తెలుసు. మిగతావాళ్ళకూ తెలియాలి గనక రాస్తున్నాను.

1986 ఆగస్టు వరద తీశాక, కోటిలింగాల రేవులో చేపలు పట్టుకునే సంగాని త్రిమూర్తులు భార్య వీరదుర్గ మా కొట్టుకు వచ్చింది. వరదకు వాళ్ళ పడవ విరిగింది. పడవ కట్టేటప్పుడు ముక్కు చెక్క కింద వెండి రూపాయి పెట్టి, పైన తారు పూయడం వాళ్ళింటి ఆనవాయితీ. విరిగిన చెక్కల్లోంచి మామగారి నాటి రూపాయి బయటపడింది. దాని మీద సంవత్సరం 1939. ఆ ఏటి వెండి రూపాయి దొరకడం చాలా అరుదు. అందుకే దొంగపని చేసేవాళ్ళు 1938 రూపాయి తీసుకుని, ఎనిమిదిలో కింది సున్నాకు ఎడమ పక్క గీకేసి తొమ్మిది చేస్తారు. వెండి అసలుదే గనక బరువూ సరిపోతుంది, మోతా సరిపోతుంది. దొంగను పట్టించేవి ఆ గీతలే.

ఆవిడ తెచ్చిన రూపాయి మీద సరిగ్గా అక్కడే గీతలున్నాయి. తారు పట్టి ఉంటే చేపల కత్తితో గీకానని చెప్పింది. నేను నవ్వాను. దొంగ నాణెం చేతికొస్తే మళ్ళీ బజారులోకి పోకుండా గడపకు మేకుతో కొట్టేయడం మా నాన్నగారి నాటి పద్ధతి. మురళీకృష్ణ పరుగున వెళ్ళి సుత్తి తెచ్చాడు. వీధిలో వాళ్ళందరినీ కేకలేసి పిలిచాడు. మేకు కొట్టింది మాత్రం నేనే, రూపాయి మీది రాజు మొహం మధ్యలోంచి. వెండి ధర ఇవ్వబోతే ఆవిడ ముట్టలేదు. "అది మా పడవ రూపాయండి. ఇంక మీరు తొక్కుకోండి" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి చేపల బజారులో ఆవిడ పేరు దొంగరూపాయి దుర్గ. కూతురు నాగదుర్గ కూడా దొంగరూపాయి దుర్గ కూతురుగానే పెరిగింది. వాళ్ళు మళ్ళీ పడవ కట్టలేదు. త్రిమూర్తులు పోయేదాకా పరాయి పడవల్లోనే వల వేశాడు. నాకేమో ఆ మేకు దెబ్బతో గున్నేశ్వరరావు కన్నంటే కన్నని పేరొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పేరు మీదే తిన్నాను.

5. రెండేళ్ళ కిందట, చెదపట్టిన ఆ గడప తీసేసి మావాళ్ళు గ్రానైటు వేయించారు. వడ్రంగి ఏసుపాదం మేకు పెరికి రూపాయి నా చేతిలో పెట్టాడు. రాజు మొహం అందరి కాళ్ళ కిందా పడి నున్నగా అరిగిపోయింది. తేదీ ఉన్న వైపు చెక్కకు ఆని ఉండటంతో అలాగే ఉంది. భానుతేజ కొన్న మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. గీతలు తొమ్మిది మీదుగా పోయాయి, అంతే. అంకెను ఎవరూ చెక్కలేదు. నమ్మలేక చెన్నైలో నాకంటే తెలిసినవారికి పంపాను. అసలుదని రాసిచ్చారు. తేదీ చుట్టూ ఉన్న పూల తీగ సందుల్లో గట్టిపడిన తారు ఇంకా ఉంది. అది ఆ రోజు నా భూతద్దంలో కూడా కనిపించింది. మురికి అనుకున్నాను.

బెజ్జం పడ్డా మంచి ధర పలుకుతుందని, చప్పుడు చేయకుండా వేలంలో పెడదామని మురళీకృష్ణ అన్నాడు. వీరదుర్గ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది, ఇప్పుడు కదిపితే కొట్టు పరువేం కావాలి పెదనాన్నా అని భానుతేజ. నేను కాదన్నాను. కాదని మాత్రం ఏం పొడిచాను? బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడుసార్లు చేపల బజారు మలుపు దాకా వెళ్ళాను. ఆవిడ గంప ముందు కూర్చుని కనిపించింది. మూడుసార్లూ ఆటో ఎక్కి తిరిగొచ్చాను. నేను పిరికివాణ్ణి, ఆ మాట నేనే రాసుకుంటున్నాను.

6. ఆ రూపాయి, చెన్నై కాగితంతో సహా, సంగాని వీరదుర్గ గారికి చేరాలి. ఇది దానం కాదు, ఎవరి సొత్తు వారికి ఇవ్వడం. దాన్ని ఎవరూ తోమకూడదు, తారు అలాగే ఉండాలి. ఆవిడ దాన్ని గోదాట్లో విసిరేసినా మనవాళ్ళు నోరెత్తకూడదు. మంచి పడవ ఒకటి కట్టించడానికి ఎంతవుతుందో అంత, 1వ నిబంధనలోని డిపాజిట్లలోంచి ముందుగా తీసి నాగదుర్గకు ఇవ్వాలి. సాయిప్రసన్నా, నువ్వు కాదనవని రాస్తున్నాను.

7. కొట్టులో నా సగం వాటా భానుతేజకు ఒకే ఒక షరతు మీద చెందుతుంది. మురళీకృష్ణ చేపల బజారులో, పొద్దున జనం నిండుగా ఉన్నప్పుడు, నిలబడి, పై 4, 5 నిబంధనలు పూర్తిగా చదవాలి. మైకు వద్దు. ఆనాడు వీధిని పిలిచిన గొంతే ఇప్పుడూ పిలవాలి. చదవకపోయినా, గొణిగి తప్పించుకున్నా ఆ వాటా నాగదుర్గకు పోతుంది. గొణిగాడో లేదో తేల్చేది వీరదుర్గ గారు, మరెవరూ కాదు.

8. సర్టిఫికెట్ల మీద 'అసలుది' అని నా పేరుతో వేసే ఇత్తడి ముద్ర ఎవరికీ ఇవ్వను. కొట్టు ఎవరి పాలైనా సరే, కొత్త గడపకు డ్రిల్లింగ్ మిషనుతో బెజ్జం పెట్టించి, నా పేరు పైకి కనబడేలా దాన్ని అందులో బిగించాలి. గ్రానైటు పాడవుతుందని భానుతేజ అంటాడు. పాడవనివ్వండి. మొదటి అడుగు వీరదుర్గ గారు వేస్తే బాగుండునని నా ఆశ. ఆవిడ మా గడప ఎక్కి ముప్పై తొమ్మిదేళ్ళయింది. రానంటే బతిమాలవద్దు. మిగతావాళ్ళు తొక్కండి.

పై ఎనిమిది నిబంధనలూ నేను రాసి, చదువుకుని, ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

రాజమహేంద్రవరం, 2025 నవంబరు 14
(సంతకం) తటవర్తి గున్నేశ్వరరావు

సాక్షులు:
1. కె. ఏసుపాదం, వడ్రంగి. మేకు పెరికినవాడు.
2. పి. రూతు, నర్సు. నేను రాస్తుంటే కాగితం కదలకుండా పట్టుకున్న మనిషి.