ఎడమ పక్క ఖాళీ

మార్చి 14, శుక్రవారం, ఉదయం.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నీకు కూడా కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, నీటికాసుల జబ్బు మొదలైందనీ డాక్టరు చెప్పాడని చదివి గుండె జారిపోయింది. ఆ కింది వాక్యం చదివాక ఒళ్ళు మండింది. చుక్కల మందు వేస్తే కళ్ళు ఎర్రబడుతున్నాయనీ, నొప్పీ లేదు, చూపూ బాగానే ఉంది కాబట్టి మానేశాననీ ఎంత తేలిగ్గా రాశావే! అచ్చం నా కూతురివే.

నాలుగేళ్ళ కిందట నాకూ ఇలాంటి చుక్కలే రాశారు. పొద్దున్నా సాయంత్రమూ కంటికో చుక్క, బతికున్నన్నాళ్ళూ. మీ అమ్మ నన్ను కుర్చీలో కూలేసి, గడ్డం పైకెత్తి వేసేది. నేను కళ్ళు గట్టిగా మూసేసి నోరు తెరిచేవాణ్ణి. మందు వెయ్యాల్సింది కంట్లోనండీ, నోట్లో కాదు అని నవ్వేది.

చుక్క పడ్డాక కాసేపు మసకగా ఉండేది. బాగుచెయ్యడానికి గడియారం విప్పుకుని కూర్చున్నవాడికి ఆ కాసేపు ఎంత చిరాకో నీకు తెలుసు. అందుకని నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. భూతద్దం కంటికి బిగించి, ఆడవాళ్ళ చేతిగడియారంలో అన్నిటికన్నా చిన్న మరమేకును పట్టకారుతో ఎత్తాను. దాని నెత్తిమీది గాడి కూడా స్పష్టంగా కనిపించింది. ఇంత చూపున్నవాడికి మందెందుకని, కొత్తగా తెచ్చిన సీసాను మూత తియ్యకుండానే కొట్టు సొరుగులో పడేశాను. ఇకమీద పని దగ్గరే నేనే వేసుకుంటానని మీ అమ్మను నమ్మించాను.

పోయిన ఏడాది సొరుగు సర్దుతూ ఆవిడ ఆ సీసా చూసింది. మూతకున్న సీలు కూడా ఊడలేదు. నెత్తీ నోరూ బాదుకుని, కొత్త మందు కొనిపించడానికి అప్పటికప్పుడు నన్ను బయల్దేరదీసింది. ఆ దారిలోనే మనకు దక్కకుండా పోయింది. సంచిలో మందుల చీటీ వెతుక్కుంటూ, చూసుకోకుండా రోడ్డు మీదికి దిగిందని నీకు చెప్పాను. అమ్మ ఒక్కసారి తలెత్తి చూసివుంటే అని ఈ ఉత్తరంలో కూడా రాశావు.

ఆవిడ పోయిన నెలకి ఒక్కణ్ణే ఆసుపత్రికి వెళ్ళాను. ఒక పెట్టెలో గడ్డం ఆనించి, నడిమి చుక్కనే చూస్తూ, పక్కన ఎక్కడ వెలుగు మెరిసినా మీట నొక్కమన్నారు. ఎడమ పక్క ఒక్కటీ మెరవలేదు. మీ మిషన్ పాడైనట్టుంది, విప్పి చూడమంటావా అని అక్కడి అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి నవ్వలేదు. మెరుస్తూనే ఉన్నాయి పెద్దాయనా, మీకే కనబడట్లేదు అంది.

ఈ జబ్బు చూపును పక్కల నుంచి తినుకుంటూ వస్తుందట, నడిమి చూపు ఆఖరున పోతుందట. భూతద్దంలో నేను పరీక్షించుకున్నది ఆ నడిమి చూపునే. పోయినదాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికే ఈ చుక్కలు. ఇప్పుడు రెండు పూటలా వేసుకుంటున్నాను. గురి తప్పి సగం చెంప మీద పడుతుంది, మళ్ళీ వేసుకుంటాను.

కళ్ళు ఎర్రబడుతుంటే డాక్టరుకు చెప్పు, మందు మారుస్తాడు. నీ అంతట నువ్వు మానకు. రోజూ పాపను స్కూటర్ మీద బడికి దింపుతున్నావు. అది తలుచుకునే పట్టకారు పక్కన పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
నీ మంచి కోరే
నాన్న

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. మీ అమ్మ చూసుకోకుండా దిగలేదు. చీటీ వెతుకుతూ రోడ్డు అంచున ఆగింది. తలెత్తకుండానే, ఏమైనా వస్తోందేమో చూడండి అని నన్నడిగింది. నేను తల కూడా తిప్పలేదు. ఎడమ పక్క ఖాళీగానే ఉందనుకున్నాను. ఏమీ లేదు, పద అన్నాను. ఆవిడ నా మాట నమ్మి అడుగు ముందుకేసింది. వ్యాను ఎడమ నుంచే వచ్చింది. ఇకనుంచి అమ్మను ఏమీ అనకు.