అజయ్ కాలు మోపే చోటు

అక్కా,

బహ్రెయిన్‌లోని మనామా నుంచి నీ తమ్ముడు శంకర్ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మన అలవాటు. ఈసారి అలా రాస్తే అబద్ధమవుతుంది. పోయిన శుక్రవారం సాయంత్రం ఏడుంబావుకు, ఆట మధ్యలో, అజయ్ ఎడమ మోకాలు మెలిపడింది. లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ ఒకటి పూర్తిగా తెగింది.

నీ కొడుకు ప్రాణానికి ఏ భయమూ లేదు. వాడు తింటున్నాడు, మాట్లాడుతున్నాడు, ఆసుపత్రి కూరల్లో కారం లేదని తిడుతున్నాడు. శనివారం ఫోన్లో కాలు బెణికిందని నీకు చెప్పింది నేనే. అప్పటికే స్కాన్ తీశారు, నాకు తెలుసు, అయినా అలా చెప్పాను. బావ పక్కనే నిలబడి తల అడ్డంగా ఊపుతుంటే నోట అదే వచ్చింది. మిగతాది ఫోన్లో చెప్పడం నాకు చేతకాదు. నువ్వు ఏడిస్తే సగంలో ఆపేస్తాను. రేపు గురువారం మా గదిలో ఉండే గంగారాం సెలవు మీద ఊరికి వస్తున్నాడు. ఈ కవరు నీ చేతికే ఇమ్మని చెప్పాను. లావణ్యకు చూపించకు, దాని పరీక్షలు అయిపోనివ్వు.

నువ్వు ఎలా ఉన్నావు? మెడనొప్పికి డాక్టరు ఇచ్చిన మాత్రలు పనిచేశాయా? మల్లవ్వ అత్త కంటి ఆపరేషన్ అయిందని విన్నాను. ఇక్కడ చలి తగ్గుతోంది. రాత్రిళ్లు పొగమంచు, పగలు దుమ్ము. నయీమ్ పేటలో అదే గది, అదే నలుగురం. వంట వంతు ఈ వారం నాది.

జరిగింది నీకు అర్థం కావాలంటే ఈ ఆట గురించి కొంచెం చెప్పాలి. బేస్‌బాల్ అంటే క్రికెట్‌కు దాయాదిలాంటిది. క్రికెట్లో బౌలర్ పరుగెత్తుకొచ్చి బంతి వేస్తాడు. ఇక్కడ పరుగు లేదు. మైదానం మధ్యలో మోకాలెత్తు కూడా లేని ఒక మట్టి దిబ్బ ఉంటుంది. దాని మీద నిలబడి, ఒక కాలెత్తి, ఒకే ఒక్క పెద్ద అడుగు ముందుకు వేసి విసరాలి. అజయ్ కుడిచేతి వాడు కాబట్టి ఎడమ కాలు ముందు పడుతుంది. ఒంటి బరువంతా ఆ కాలి మీదికే వస్తుంది. ప్రతి బంతికీ అదే చోట పడుతుంది కాబట్టి ఆట ముగిసేసరికి అక్కడ గుంత పడుతుంది. మర్నాడు ఆ గుంతలో తడి బంకమట్టి నింపి దిమ్మిసతో కొట్టి చదును చేయాలి. మా మైదానంలో ఆ పని బావది.

బావ సిత్రాలో చమురు ట్యాంకుల కాంట్రాక్టరు దగ్గర పదకొండేళ్లు మేస్త్రీగా చేసి, ఆ పని అయిపోయాక ఇక్కడ చేరాడు. చేర్పించింది నేనే. నేను టీము సామాన్ గది చూసుకుంటాను. బ్యాట్లు, బూట్లు, బట్టలు లెక్కపెట్టి ఇవ్వడం, తీసుకోవడం. పన్నెండేళ్లు కోరుట్లలో విలేకరిగా చేశానని తెలిశాక స్కోరు పుస్తకం కూడా నాకే అప్పగించారు. అజయ్ సిత్రాలో గోదాం పని చేస్తూ శుక్రవారాలు క్యాంపు క్రికెట్ ఆడేవాడు. పోయిన ఏడు మా కోచ్ దారిన పోతూ వాడు బౌండరీ నుంచి విసిరిన బంతి నేల తగలకుండా వికెట్లకు రావడం చూసి కారు ఆపాడు. ఆయన అమెరికా మనిషి, అరవై దాటాయి. ఎనిమిది నెలలు నేర్పి టీములోకి తీసుకున్నాడు. జీతం ఇచ్చి ఆడించే టీములో మన జిల్లా నుంచి వీడొక్కడే.

ఈ సీజన్ మాకు కలిసిరాలేదు. మొదటి ఏడు ఆటలూ ఓడిపోయాం. బుసైతీన్ దగ్గర సముద్రం పూడ్చిన నేల మీద మా మైదానం. జనం రెండు వందలకు మించి రారు, అందులో సగం ఎదుటి టీము వాళ్లే. మొదటి ఆట చూసి బావ అడిగాడు: “బామ్మర్దీ, గీ ఆటల ఎవ్వలు గెల్సిండ్రో గెల్సినోళ్లకన్న తెలుస్తదా?”

“మనం ఓడినం బావా. అది మాత్రం పక్కా.”

“అదైతే మొఖాలు చూస్తెనే తెల్సింది తియ్యి.”

ఎనిమిదో ఆటలో, ఇక పోయేదేమీ లేదని, కోచ్ అజయ్‌ను దిబ్బ ఎక్కించాడు. గెలిచాం. ఆ తర్వాత ఆరు ఆటల్లో వాడు దిగినవి నాలుగు, నాలుగూ గెలిచాం. వాడు దిగనివి రెండు, రెండూ ఓడాం. ఇంకొకటి గెలిస్తే చివరి నాలుగు టీముల్లోకి వెళ్తామనే దాకా వచ్చింది. వాడికి రెండేళ్ల కాంట్రాక్టు కాగితం తయారుగా ఉందని కోచ్ నాతోనే అన్నాడు. సీజన్ అయ్యాక సంతకం. వాడు ఆ సంగతి నీకు తానే చెప్తానన్నాడు కాబట్టి నేను ఊరుకున్నాను.

చివరిసారి గెలిచిన ఆటలో చిన్న సంగతి జరిగింది. పొగమంచుకు మట్టి ఆరలేదు. గుంత మామూలు కంటే లోతు పడింది. అజయ్ కాలు అందులో ఇరుక్కుని రెండు బంతులు అడ్డదిడ్డంగా పోయాయి. ఆట గెలిచినా కోచ్ గుంత దగ్గరికి వచ్చి, ఇంత గుంత ఎప్పుడూ చూడలేదన్నాడు. గ్రౌండ్ సూపర్‌వైజరు అదే మాటను బావకు హిందీలో, పదిమంది ముందు, మరికాస్త ఉప్పూకారం కలిపి చెప్పాడు: “రాజమల్లు భాయ్, మేస్త్రీవా, ఎలుకవా?” అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ రాత్రి మాత్రం అన్నానికి ముందే పడుకున్నాడు.

శుక్రవారం ఆటకు నేను ఎప్పటిలాగే మైదానం గీత బయట స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. బావ వెనక నిలబడ్డాడు. మొదటి రెండు వంతుల్లో, అంటే ఇన్నింగ్స్‌ల్లో, అజయ్ ఒక్కణ్ణి కూడా పరుగు తీయనివ్వలేదు. రెండో వంతు ముగిశాక బావ నా భుజం మీద తట్టాడు. మొఖం వెలిగిపోతోంది.

“చూసినవా బామ్మర్దీ? గుంత పడలే! జరంత గూడ పడలే!”

“ఏం జేసినవ్ బావా?”

“పని జేసిన. మేస్త్రీ పని.”

నేను నవ్వి పుస్తకంలో పడ్డాను. మూడో వంతులో అజయ్ రెండుసార్లు ఆగి బూటుతో నేలను గీకి చూశాడు. అది కూడా నేను రాసుకున్నాను. తర్వాతి బంతికి ముందుకేసిన కాలు పట్టు దొరకక జారింది. ఒళ్లు ఒకవైపు తిరిగింది, మోకాలు మరోవైపు. వాడు అరవలేదు. కూలబడి రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు. ఆ ఆట ఓడిపోయాం.

శనివారం పొద్దున మైదానానికి వెళ్లాను. బంకమట్టిలో తాళంచెవి గుచ్చితే సగం దాకా దిగుతుంది. అజయ్ కాలు మోపే చోట గుచ్చాను. పైన పలుచటి మట్టి పొరలో దిగి ఆగిపోయింది. గోకితే కింద బూడిదరంగు. నాకు ఇంకెవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

బావ సామాన్ గది వెనక గోడకు చేరగిలి కూర్చున్నాడు. నేను తాళంచెవి చూపించాను. దాని కొసకు అంటిన బూడిద చూశాడు.

“సిమెంటు దోసెడే కలిపిన,” అన్నాడు. “మెట్లు అతుకబెట్టంగ మిగిలింది. పోరని కాలు గుంతల ఇరుకొద్దని కలిపిన శంకర్. రెండు రోజులు తడిపిన. మంచిగ పట్టింది.”

అక్కా, ఇరవై ఏళ్లుగా ఆ చేతులకు తెలిసింది ఒక్కటే, గుంత పడిన నేలను మళ్లీ గుంత పడకుండా చేయడం. బంకమట్టి ఎందుకు వేస్తారో, ఇనుప పళ్ల బూటు అందులోకి దిగి పట్టుకోవడం ఎందుకు అవసరమో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. గుంత నింపు అన్నారు, నింపాడు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. టీము ఆఫీసు వాళ్ల నియమం ఇది. దెబ్బ మైదానం తప్పు వల్ల తగిలితే ఆటగాడి కాంట్రాక్టును వాడు కోలుకునే దాకా పోకుండా ఉంచుతారు. ఆటగాడి సొంత తప్పు వల్ల తగిలితే ఆపరేషన్ చేయిస్తారు, ఆ తర్వాత ఖలాస్. అజయ్ ఆ రోజు పాత బూట్లు వేసుకున్నాడు. కొత్తవి వేలు నొక్కుతున్నాయని విప్పేశాడు. పాతవాటి పళ్లు అరిగి ఉన్న మాట నిజం, ఆ బూట్లు నా దగ్గరే ఉన్నాయి. సూపర్‌వైజరు వెంటనే ఆ మాట పట్టుకుని కాగితం రాశాడు. తప్పు మైదానానిదని తేలితే బావ వీసా రద్దవుతుంది, మళ్లీ ఇటు రానివ్వరు.

సోమవారం డ్యూటీ దిగాక బావ, నేను ఆసుపత్రికి వెళ్లాం. బావ పచ్చిపులుసు చేసి తెచ్చాడు. నీళ్లలా ఉన్నా అజయ్ గిన్నె ఎత్తి తాగాడు. “బాపూ, అవ్వ చేసినట్టు లేదు గని, ఈడి తిండి మీద దేవుని ప్రసాదం,” అన్నాడు. బావ మంచం అంచు మీద కూర్చుని చెప్పేశాడు. నేను అడ్డుపడలేదు.

“బిడ్డా, నీ కాలు కింద సిమెంటున్నది. నేనే ఏసిన.”

అజయ్ గిన్నె కింద పెట్టాడు. “నాకెర్కనే బాపూ.”

“ఎట్లెర్క?”

“కాలు వెట్టంగనే ఎర్కైంది. మన ఇంటి గచ్చు మీద నిలవడ్డట్టైంది. మైదానంల అంత మంచిగ గచ్చు కొట్టెటోడు ఇంకెవ్వడున్నడు?”

బావ నవ్వబోయి నవ్వలేకపోయాడు. అజయ్ నా వైపు తిరిగి, “మామా, పొద్దుగాల్ల ఆఫీసోళ్లు అచ్చిండ్రు. తప్పు బూట్లదే అని సంతకం వెట్టిన. నువ్వు గూడ గట్లనే జెప్పు,” అన్నాడు.

“నీ కాంట్రాక్టు వోతది గదరా!”

“మోకాలు మల్ల పనిచేస్తదో లేదో ఎవ్వలకెర్క? బాపుదైతే ఇప్పుడే పోతది.”

బావ లేచి నిలబడ్డాడు. “నా కోసం నీ బతుకు ఖరాబు జేస్కుంటవా? నేను వొయ్యి చెప్త. సిమెంటు కలిపినోన్ని నేను, సంతకం వెట్టెటోనివి నువ్వా?”

“చెప్తే నేను అబద్ధం రాసిచ్చిన అంటరు. అప్పుడు ఇద్దరం పోతం. కూసో బాపూ.”

బావ కూర్చున్నాడు. పచ్చిపులుసు గిన్నె తీసి సంచిలో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ నన్ను అడిగాడు, చెప్పమంటావా వద్దా అని. విలేకరిగా ఉన్నప్పుడు రోడ్డు గుంతలో బస్సు పడితే కాంట్రాక్టరు పేరు వేయాల్సిందేనని పట్టుబట్టినవాణ్ణి. ఇప్పుడు నా దగ్గర రెండు నిజాలున్నాయి, అరిగిన బూటు ఒకటి, బూడిదరంగు నేల ఒకటి. ఏది చెప్పినా నీ ఇంట్లో ఒకరు దెబ్బతింటారు. రెండూ చెప్తే ఇద్దరూ. నిన్న మళ్లీ అడిగాడు. ఈ రోజు అడగలేదు. అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు. బలవంతం చేస్తే రెండు ముద్దలు తిన్నాడు.

నువ్వు భయపడకు. ఆపరేషన్ చేసే డాక్టరు మంచివాడంటున్నారు. ఆటగాళ్ల మోకాళ్లు చాలా చూశాడట. నడక తప్పకుండా వస్తుందని చెప్పాడు. విసరగలడా అని అడిగితే తొమ్మిది నెలల తర్వాత అడగమన్నాడు. ప్రాణానికి ఏ భయమూ లేదు, మళ్లీ చెప్తున్నాను. గంగారాం నెల తర్వాత తిరిగి వస్తాడు. వీలైతే అజయ్‌కు ఎల్లిపాయ కారం ఒక డబ్బా పంపు. బావకు ఏమీ వద్దట, అడిగాను.

ఇది చదివాక శనివారం సాయంత్రం లోపు ఫోన్ చేయి. ముందు బావతో మాట్లాడు, తర్వాత అజయ్‌తో. ఎవరికి ఏం చెప్తావో నీ ఇష్టం. నువ్వు ఏదంటే అది చేస్తాననడం సులభం, కాని నువ్వు చెప్పినా ఇక్కడ ఎవరు వింటారో నాకు తెలియదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. వాళ్లిద్దర్నీ ఆ మైదానంలోకి తీసుకెళ్లిన దారిలో నేను కూడా ఉన్నాను.

మల్లవ్వ అత్తకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు. లావణ్య మంచిగా రాయాలని మామ అన్నాడని చెప్పు. నీ దీవెన మా ముగ్గురి మీదా ఉంచు, ముందు మంచం మీద ఉన్నవాడి మీద.

ఆదివారం పొద్దున ఎనిమిదికి అజయ్‌ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తారు. దెబ్బ తగిలిన చోటు తవ్వి చూడాలని లీగు నియమమట, ఈ రోజే మాకు చెప్పారు. అదే రోజు పదింటికి ఆఫీసు వాళ్లు, ఎదుటి టీము మనిషి, లీగు మనిషి మైదానానికి వస్తున్నారు. స్కోరు పుస్తకంతో నన్నూ ఉండమన్నారు. తవ్వే డ్యూటీ సూపర్‌వైజరు బావకు వేశాడు.

నీ తమ్ముడు,
శంకర్