కోట గోడ మీద నీ మనిషి

బావా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు పోయి ఏడాది దాటింది. మళ్ళీ సార్వా వరి కోతకొచ్చింది. మినుములు చల్లేశాను. ఇక్కడ అవనిగడ్డలో అందరం ఉన్నాం... ఉన్నాం, అంతే.

బందరులో నీ సెల్‌ఫోన్ రిపేరు షాపు ఇప్పుడు చెప్పుల షాపయింది. వరం, పాప మా ఇంట్లోనే ఉంటున్నారు. వరం నీ పెళ్ళాం కాకముందు నుంచీ నాకు చెల్లెలే కదా. నీ గురించి ఎక్కువ మాట్లాడదు. నేనూ మాట్లాడను.

నీ గేమ్ మిషన్ ఏమైందో నీకు చెప్పాలి.

ఆ రోజు నీ షాపులో కూర్చుని కోట ఎక్కే ఆట ఆడుతున్నాం. చదువుకునే రోజుల్లో బస్టాండు దగ్గర వీడియో గేముల కొట్లో నిలబడి ఆడిన ఆటే. ఇన్నేళ్ళకి దాన్ని అరచేతి మిషన్‌లోకి దించావు. మొదట్లో సగం లోడై ఆగిపోయేది. ఎక్కడెక్కడో వెతికి, చెన్నై నుంచి అదనపు మెమరీ ముక్క తెప్పించి కింది గాడిలో దోపావు. "ఆట చిన్నదే బావా. ఆ పాత మిషన్ లాగా నటించడానికే దీని మెమరీ అంతా అయిపోతోంది. ఈ ముక్క దీనికి ఇంకో కడుపు" అన్నావు. "కానీ కరెంటున్నంతసేపే దీనికి గుర్తుంటది. ఆపావా, అన్నీ మర్చిపోద్ది."

ఇద్దరి ఆట. ఒకడి మనిషి కిందపడితే రెండోవాడి ఛాన్స్. నేను పడ్డప్పుడల్లా నీది ఒకటే మాట... "నీ చేతులు నాట్లకే బావా, మీటలకి కాదు. ఇలా తే."

నీ ఛాన్స్ మధ్యలో పామర్రు నుంచి ఫోనొచ్చింది. బాగుచేసిన సెల్లు ఎవరికో ఇచ్చి రావాలి. ఆట ఆపిపెట్టి, బండి తాళం తీసుకుని, గుమ్మంలో వెనక్కి తిరిగావు. "నా ఛాన్స్ ముట్టుకోకు. వచ్చి ఆడతా."

పామర్రు దాకా వెళ్ళనే లేదు నువ్వు. తప్పు లారీవాడిదో నీదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. తేలితే మాత్రం ఏం చేస్తాం?

ఆసుపత్రి నుంచి షాపు మూయడానికి వెళ్తే మిషన్ ఇంకా వెలుగుతూనే ఉంది. నీ మనిషి కోట గోడ సగంలో, ఒక చెయ్యి పైకెత్తి వేలాడుతున్నాడు. ఆటను ఉన్నచోటే సేవ్ చేసి దాచే మీట ఉందని తెలుసు. ఈ ఆట మీద అది నొక్కితే మిషన్ బిగుసుకుపోతుందని నువ్వే చెప్పావు. కాసేపు ఛార్జింగ్ పెట్టి, అలాగే సంచిలో ఇంటికి తెచ్చాను.

మా ఊరి కరెంటు సంగతి నీకు తెలుసు. అది పోయే వేళకి రైసు మిల్లుకి తీసుకెళ్ళి, జనరేటర్ మీద నడిచే ప్లగ్గులో పెట్టేవాణ్ణి. ఊక దుమ్ము పడకుండా తువ్వాలు కప్పి పక్కనే కూర్చునేవాణ్ణి. పాప బొమ్మ బాగుచేయిస్తున్నానని అనుకున్నారు మిల్లులో వాళ్ళు. అనుకోనిచ్చాను. ఇంట్లో వరం నీ దీపంలో నూనె చూసుకునేది. నేను ఇది చూసుకునేవాణ్ణి.

పెద్దకర్మ అయింది. దీపం తీసేశారు. నేను మాత్రం మానలేదు. మినుముకి మందు కొడుతూ కొడుతూ, డబ్బా గట్టు మీద దించేసి మిల్లుకి పరిగెత్తిన రోజులున్నాయి.

ఒకరోజు వరం మిల్లుకే వచ్చింది. తువ్వాలు తీసి చూసింది. ఈ మనిషెవరు, ఎందుకలా వేలాడుతున్నాడని అడిగింది. బావ ఛాన్స్ అన్నాను. గుమ్మంలో నువ్వన్న మాటా చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

చాలాసేపు చూసింది. ఎన్నాళ్ళు అలా నిలబెడతావన్నయ్యా, చేతులు నొప్పెట్టవా అంది. ఎవరి చేతులో నేనడగలేదు. ప్లగ్గు తనే పీకింది. ఆపే మీట ఎక్కడని అడిగింది.

చూపించాను బావా. తనే నొక్కింది.

వద్దని ఎందుకనలేదు? అనాల్సిందా? నువ్వు నాకు చెప్పి వెళ్ళావు, నిజమే. తనకి ఏమీ చెప్పకుండానే వెళ్ళావు కదా...

తర్వాత చాలా రోజులకి మళ్ళీ ఆన్ చేశాను. నువ్వన్నట్టే అన్నీ మర్చిపోయింది. అలవాటు కొద్దీ ఇద్దరి ఆటే నొక్కాను. మొదటి ఛాన్స్ ఎప్పుడూ నీదే కాబట్టి నీ మనిషే ముందొచ్చాడు. నేను మీటలు ముట్టుకోలేదు. కోట కింద అలాగే నిలబడ్డాడు. పైనుంచి రాయి పడింది. అప్పుడు నా వంతు వచ్చింది. ఆడాను. రెండో అంతస్తులోనే పడ్డాను.

ఇప్పటికీ తీరికైనప్పుడు అలాగే ఆడతాను. నా వంతు నేను ఆడుకుంటాను. నీ ఛాన్స్ మాత్రం ముట్టుకోను.

ఉంటాను,
నీ బావ