రెండు సైన్యాల కాటుక

మాదాపూర్

నాయనా,

ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు, అందుకే కార్డు. నేను క్షేమంగానే ఉన్నాను. ఈ తెలంగాణ గొడవల్లో సిద్దిపేట రేఖతో ఒకే గదిలో ఎందుకు, వచ్చేయమన్నావు. బంద్ రోజుల్లో మేమిద్దరం రెండు ఊహా దేశాలు కల్పించుకుని, వేలెడంత గుర్రపు బొమ్మల మీద రౌతుల్ని అతికించి, రంగులేసి, మంచం మీద యుద్ధం ఆడుతున్నాం. అమ్మ నాకు పెట్టినట్టే నా గుర్రాలకు కాటుకతో దిష్టిచుక్క పెట్టాను. ధర్నా నుంచి వచ్చిన రేఖ చూసి, "నా గుర్రాలకు దిష్టి తగలదా ఏంది? వాటికి గూడ పెట్టు" అంది. పెట్టించుకుని మరీ నా రాజధాని పట్టేసుకుంది. దాన్ని మళ్ళీ గెలిచేదాకా నేను ఊరికి రాను.

కొత్త బోరులో నీళ్ళు పడ్డాయా? నీకూ అమ్మకూ దండాలు. ఇక్కడ కాటుక అయిపోయింది, ఇంట్లో పట్టింది పంపమని అమ్మకు చెప్పు. రెండు సైన్యాలకూ సరిపోవాలి.

భార్గవి