గుంతలో అద్దాల పెట్టె

డిసెంబర్ 3, 1956
నాయన ఈ రోజు కూడా మగ్గం గుంతలోకి దిగలేదు. మోకాళ్లు పట్టేశాయి. చీర సగంలో ఉంది. దాని మీద పాత పంచె కప్పి, అటు చూడకుండా కూర్చుంటాడు. రోజూ నడుము దాకా వేడినీళ్లలో కూర్చోవాలన్నాడు డాక్టరు. చెప్పడానికేం! తొట్టెడు నీళ్లు కాగాలంటే అమ్మ పొద్దంతా పొయ్యి ఊదుతుండాలి. ఇప్పటికే పొగకు ఆమె కళ్లు...

డిసెంబర్ 5
ఎండతోనే కాచాలి. ఈ ఊళ్లో దేనికి కరువున్నా ఎండకు లేదు. పెట్టెలో నల్లరంగు పూసిన గొట్టాలు, పైన అద్దం. పెరట్లో రంగు తొట్టి ఎలాగూ ఉంది — నూలుకు రంగు అద్దడానికి నాయన కడప బండలతో కట్టించింది. గొట్టాలు వంచమని రేకుల పని ఖాసింసాబ్‌ను అడిగాను. "ఎండకు నీళ్లు కాగేదేంది టీచరమ్మా, నా బుర్ర కాగుతాండాది గానీ..." వంచి ఇస్తాడట.

డిసెంబర్ 9
పెట్టెను మిద్దె మీద పెట్టించాను. అక్కడైతే నీడ పడదు. కింద తొట్టిలోకి గొట్టాలు దించి నీళ్లు పట్టించాం.

డిసెంబర్ 10
పైన గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కింద నీళ్లు మంచు. నాయన వేలు ముంచి, "శానా బాగుండాది మే. ఎండాకాలానికి పనికొస్తాది." ఒళ్లు మండింది.

డిసెంబర్ 12
ఎనిమిదో తరగతి. పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెబుతున్నారు — వేడెక్కిన నీరు పైకి పోవును, చల్లని నీరు కిందికి వచ్చును. నెత్తి కొట్టుకున్నాను. నిజంగానే, పిల్లల ముందే. పెట్టె కింద ఉండాలి, తొట్టి పైన. ఏటా చెప్పే పాఠం, ఛీ!
ఆ రాతి తొట్టిని పైకి ఎవడెత్తుతాడు?

డిసెంబర్ 13
మిద్దె మీద కొత్త తొట్టి కట్టిద్దామన్నాను. "మిద్దెక్కే కాళ్లుంటే నీ తొట్టి యాల?" అన్నాడు నాయన. నిజమే.
అన్నం తింటూ ఆయనే మళ్లీ — "బతుకంతా నేను గుంతలో కూచున్నా. ఇప్పుడు నీ పెట్టెను గుంతలో పెట్టి నన్ను పైన కూచోబెట్టు." ఎగతాళికే అన్నాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు.

డిసెంబర్ 16
తొట్టి పక్కన ఏటవాలుగా గుంత తవ్వించాం. పెట్టె దించాం.

డిసెంబర్ 17
బడి నుంచి వచ్చేసరికి తొట్టి మీద ఆవిరి! సన్నగా... కానీ ఆవిరే. అమ్మా నేనూ చెరో రెక్క పట్టి నాయనను దించాం. "అబ్బా..." అన్నాడు, కళ్లు మూసుకున్నాడు. లేపితే నడుము దాకా నీలం — రాతిలో ఇంకిన పాత రంగు కరిగింది. "సగం మనిషి, సగం క్రిష్ణుడు!" అని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు. ఎన్నాళ్లయిందో ఆమె అలా నవ్వి.

డిసెంబర్ 21
ఎవరూ అడగలేదు. తనే దేకుతూ పోయి మగ్గం గుంతలో కాళ్లు వేశాడు. చీర మీది పంచె తీశాడు. ఎడమ కాలితో మగ్గం పలక తొక్కాడు. కుడికాలు కదల్లేదు.
"రేపు నీళ్లు ఇంకొంచెం కాగనీ."

డిసెంబర్ 22
మబ్బు. తుఫానట.
అమ్మ చప్పుడు చేయకుండా పొయ్యి రాజేసింది. నాయన చూశాడు. "ఆర్పెయ్. నీ కండ్లు పోగొట్టి నేను కాళ్లు తెచ్చుకోవాల్నా?"
"ఎండ ఎప్పుడొస్తాదో! అందాకా?"
"కూచునుంటా. కూచునేది నాకు కొత్తనా?"
బడికి పోయే ముందు గుంతలోకి దిగి అద్దం తుడిచాను. చినుకులు పడుతున్నాయి... మళ్లీ తుడిచాను.