చల్లగా చూడమన్న మాట

చిరంజీవి మారెన్‌కు నానమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంపల గిన్నెలు మోసుకొస్తూనే ఉన్నారు. అన్నిటిదీ ఒకే రుచి, లేదా నా నాలుకకే ఏదీ తెలియడం లేదు. తినేస్తున్నాను.

రెండు సంగతులు అడిగావు. ముందు మీ నాన్న నేలమాళిగలో నీకు దొరికిన టేపు. "ఎవరికీ గుర్తులేని పాత టీవీ పోటీ కార్యక్రమాల టేపులు పోగుచేసే ఆయన అడుగుతున్నాడు, ఇచ్చేయనా?" అన్నావు. ఎవరికీ గుర్తులేదట! నాకు బాగానే గుర్తుంది.

'నోరు మెదిపితే ఇంటికే' దాని పేరు. తొంభైల్లో మన ప్రాంతపు చిన్న ఛానెల్ ఒక్క శీతాకాలం వేసి మానేసింది. గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టే గుడిసెల్లో ఒక్కో జంటనీ కూర్చోబెట్టి కెమెరా పెట్టారు. మాట్లాడిన జంట ఇంటికి. చివరిదాకా మిగిలిన జంటకి మోటారు పడవ. నోట్లోంచి మాట ఊడిపడని మన మిన్నెసోటా మొగుళ్ళకి అదీ ఒక పోటీయేనా? మా ఇంట్లో దాన్ని రాత్రి భోజనం అంటాం. మీ తాతయ్య నార్బర్ట్‌ని నమ్ముకుని పడవకి పేరు కూడా అనుకున్నాను.

ఆఖరికి మేమూ లిండ్‌క్విస్టులూ మిగిలాం. నాకు తుమ్మొచ్చింది. మీ తాతయ్య గాలం మీంచి చూపు తిప్పకుండానే "దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు. బూర మోగింది. టేపు అక్కడితో ఆఖరు.

ఇంటికొస్తూ ట్రక్కులో అడిగాను, "మంచు మీద కూర్చోబెట్టాడు కదయ్యా, ఇంకెంత చల్లగా చూడాలి?"

"తుమ్మావు కదే."

"తుమ్మితే?"

"అనాలి కదా."

అంతే ఆయన వాదన. ప్రతి వేసవిలోనూ లిండ్‌క్విస్టులు ఆ పడవలో మన రేవు ముందు నుంచే పోతూ చెయ్యి ఊపేవారు. ఊపినప్పుడల్లా ఆయన్ని దెప్పాను. టేపు నా కంటపడకూడదని మీ నాన్నకిచ్చేశాను.

ఇక రెండోది. తాతయ్య ఫోను దగ్గరికి ఎందుకు రావడం లేదని. చెవుడు వచ్చిందని మీ నాన్న చెప్పింది నేను చెప్పించిన మాట. అక్టోబరులో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి. మాట రాలేదు. నీ పరీక్షలు అయ్యేదాకా చెప్పొద్దన్నాను. "తాతయ్య నిన్ను అడిగానని రాయమన్నాడు" అని నేను రాసినవన్నీ నా సొంత రచనలే. నాకు ఏడుపు రాలేదమ్మా. ఇప్పటికీ రావడం లేదు. మందులిస్తాను, గిన్నెలు కడుగుతాను, తెల్లారుతుంది.

మాట నేర్పే అమ్మాయి వారం వారం వస్తోంది. "అలవాటుగా అనేవి ముందు తిరిగొస్తాయండీ. ప్రార్థనలు, తిట్లు" అంది.

"ఆయనకి తిట్లు రావమ్మా. ఆ శాఖ నాది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అప్పటి నుంచీ ఒక పని చేస్తున్నాను, మీ నాన్నకి చెప్పకు. కాఫీ అయ్యాక ఆయన ఎదురుగా కూర్చుని మిరియాలపొడి పీలుస్తున్నాను. బళ్ళో వ్యాకరణం చెప్పి జుట్టు నెరిసిన మనిషిని. తుమ్ముతాను. కూర్చుంటాను. ముక్కు తుడుచుకుని లేస్తాను. నిన్న మాత్రం కిటికీ వదిలి నావైపు తిరిగాడు. పెదవులు ఒకసారి విచ్చుకుని, మళ్ళీ మూసుకున్నాయి.

అందుకని ఆ టేపు ఎవరికీ ఇవ్వకు, నాకు పంపు. దాన్ని ఆడించే పెట్టె చర్చిలో ఉందట, అడిగి ఉంచాను. టేపంతా మౌనమే. ఆయన గొంతు అందులో ఉన్నది ఆ ఒక్క మాటలోనే, మేము ఇంకెక్కడా దాచుకోలేదు. తన మాట తను వింటే అందుకుంటాడేమో. ఈసారి నోరు మెదిపి ఓడిపోమను. పల్లెత్తు మాట అనను.

ఇట్లు,
తుమ్ములతో, నీ నానమ్మ
ఆర్డిస్